తెరిపి

డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా, అనంతపురంలో జరిగిన ఒక సభలో మా అక్కకు శాలువా కప్పారు. ‘ఆదర్శ మాతృమూర్తి’ అని రాసిన జ్ఞాపిక ఇచ్చారు. వేదిక మీద మాట్లాడిన ముగ్గురూ ఆమె ఓర్పును భూదేవితో పోల్చారు. పంతొమ్మిదేళ్లుగా కొడుకును ఒక్క పూట కూడా వదలకుండా సాకిన తల్లి అని ఒక పెద్దమనిషి అన్నప్పుడు హాలంతా చప్పట్లు మోగాయి. నేను మూడో వరుసలో కూర్చుని అక్క ముఖమే చూస్తున్నాను. ఆమె చూపు మాత్రం వెనక గోడకున్న గడియారం మీద ఉంది. పన్నెండున్నరకు చిన్నాకు ఫిట్స్ మందు వేయాలి. పక్కింటావిడను గంటసేపు కూర్చోమని బతిమాలి వచ్చింది. సభ మొదలవడమే గంట ఆలస్యమైంది.

గ్రూపు ఫోటో తీసేలోపే ఇద్దరం బయటికి వచ్చి ఆటో ఎక్కాం. సప్తగిరి సర్కిల్ దాటే దాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత శాలువా మడత పెట్టుకుంటూ అంది: “ఒక్క పూట కూడా వదల్లేదని పొగిడారు కదా. వదలడానికి చోటెక్కడుందిరా?”

అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. మా అక్క కొడుకును వదిలించుకోవాలనుకునే మనిషి కాదు. ఆమె అడిగింది చాలా చిన్న విషయం. నమ్మకంగా ఒక పూట అప్పగించి వెళ్లి, మళ్లీ వచ్చి తీసుకునే చోటు, లేదా ఇంటికే వచ్చి ఆ పూట చూసుకునే మనిషి. ఇంత పెద్ద ఊళ్లో అది లేదు. లేని దాన్ని ఆమె త్యాగంగా లెక్కగట్టి మనం చప్పట్లు కొట్టాం. వాళ్లలో నేనూ ఉన్నాను.

మాట కోసం వెతుకులాట

ఇంగ్లీషులో దీన్ని రెస్పైట్ కేర్ అంటారు. తెలుగులో స్థిరపడిన మాట ఇంకా లేదు. విరామ సంరక్షణ అని కొందరు రాస్తున్నారు. నాకు మాత్రం ‘తెరిపి’ అనే పాత మాటే దీనికి సరిపోతుందనిపిస్తుంది. ముసురు పట్టిన వాన కాసేపు ఆగితే తెరిపి ఇచ్చిందంటాం. మబ్బు ఎక్కడికీ పోదు, వాన మళ్లీ వస్తుందని అందరికీ తెలుసు. ఆ కాస్త సేపట్లోనే తడి బట్టలు దులిపి ఆరేసుకుంటాం, అంగడికి వెళ్లి ఉప్పో పప్పో తెచ్చుకుంటాం, కారే చోట గిన్నె మార్చుకుంటాం. తెరిపి అనేదే లేకపోతే ఇల్లు గడవదు.

పేరు పెట్టడంలో మనకు లోటు లేదు. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని నా కళ్ల ముందే మూడు పేర్లు మారాయి. మూడు పేర్ల కాలంలోనూ మా అక్క రాత్రి పన్నెండుకు ఒకసారి, మూడుకు ఒకసారి లేచి కొడుకును పక్కకు తిప్పుతూనే ఉంది.

రూళ్ల పుస్తకం

రెండేళ్ల కిందట అక్కకు గర్భసంచి తీసేసే ఆపరేషన్ జరిగింది. నిజానికి డాక్టరు చెప్పిన మూడేళ్లకు జరిగింది. ఆ మూడేళ్లూ మాత్రలతో, రక్తహీనతతో నెట్టుకొచ్చింది. కారణం అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు. బావ తాడిపత్రి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. సెలవు దొరికిన రోజు, ఇంట్లో ఉన్న రాత్రి ఆయనా చేస్తాడు, కాదనను. మిగతాదంతా అక్కే. చివరికి నేను సెలవు పెట్టుకుని వచ్చాను. ఉరవకొండ దగ్గర ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. అప్పటిదాకా ప్రతి దసరాకూ బట్టలు, అడిగినప్పుడల్లా డబ్బు పంపి మేనమామ బాధ్యత తీర్చుకుంటున్నాననే అనుకున్నాను.

ఆసుపత్రికి వెళ్లే ముందు అక్క నా చేతిలో రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం పెట్టింది. వారం రోజులు రాత్రుళ్లు కూర్చుని రాసిందట. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

“చెంచా నాలుక మధ్యలో పెట్టవద్దు. కుడి దవడ వైపు పెట్టు. గుటక పడిన చప్పుడు వినిపించేదాకా రెండో చెంచా వద్దు.”

“తల వెనక్కి వాలితే పొలమారుతుంది. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. నీళ్లు పలచగా ఉంటే దగ్గు వస్తుంది, జావ అయితే రాదు.”

“ఎడమ చెయ్యి బిగుసుకుంటే లాగకు. మోచేయి కింద చెయ్యి పెట్టి ఊరుకో. అదే వదులుతుంది.”

“ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టకు. గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. తాళాల గుత్తి చేతిలో పెట్టమని ఎవరైనా అంటారు, వినకు.”

“కింది పెదవి లోపలికి మడిస్తే ఆకలి. ఏడిస్తే ఆకలి కాదు, కడుపు పట్టేసింది.”

చిన్నాకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడవడు, కూర్చోబెడితే పక్కన దిండ్లు ఉండాలి, మాటలు లేవు. అప్పటికి పదిహేడేళ్లు, బరువు 34 కిలోలు. పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి పూట రాగి జావ తినిపించడానికి నాకు యాభై నిమిషాలు పట్టింది. చెంచా దవడ పక్కకు చేర్చాను. పెదవులు మూసుకున్నాయి. గొంతు మీద ఆ చిన్న ఎముక పైకి లేచి ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. కిందికి దిగింది. గుటక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసం నేను అంత జాగ్రత్తగా చెవి పెట్టి వింటానని ఎన్నడూ అనుకోలేదు. అలా నలభై చెంచాలు. రోజుకు నాలుగు పూటలు.

మూడో రాత్రి నేను అలారం వినలేదు. మూడు గంటలకు పక్కకు తిప్పాల్సిన వాణ్ణి తెల్లవారి ఆరింటికి చూశాను. తుంటి మీద రూపాయి బిళ్లంత ఎరుపు తేలింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. అది పడక పుండుకు మొదలని తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పింది. రెండు రోజులు ఆ వైపు ఆనకుండా చూస్తే తగ్గింది. నా నిద్రమత్తుకు వాడు చెల్లించిన మూల్యం అది. మూడు రాత్రులకే నేను అలా అయిపోయాను.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు బరువులు ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. బిందె కూడా ఎత్తవద్దన్నారు. నా సెలవులు అయిపోయాయి. పదకొండో రోజు బస్సెక్కాను. ఆ సాయంత్రం ఫోను చేసి, “ఎత్తలేదు కదా?” అని అడిగాను. అక్క కాసేపు ఆగి, “చిన్నాకు స్నానం అయింది” అంది. ఆ మాట తర్వాత నేనూ ఏమీ అడగలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఫోనే. దాన్ని ఎవరూ గొప్ప విషాదంగా చెప్పుకోరు. కుట్లు పిగలలేదు, ఎవరూ చనిపోలేదు. పత్రికలో వార్త కాదు. కానీ ఇలాంటి ఇళ్లలో శరీరాలు ఇలాగే అరిగిపోతాయి. తల్లి నడుము ముందు పోతుంది, తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత మనసు. తల్లి మంచాన పడిన రోజున బిడ్డ సంరక్షణ ఒక్కసారిగా కూలిపోతుంది. తెరిపిని తల్లికి ఇచ్చే బహుమతిగా చూస్తున్నాం. బిడ్డకు జరిగే సేవలో అది ఒక భాగం. మందు ఎంతో అదీ అంతే.

చట్టం ఏ రోజు గురించి ఆలోచించింది

ఈ విషయం మీద చట్టాలు లేక కాదు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని 2006లో ఆమోదించారు. మన దేశం 2007లోనే దాన్ని అంగీకరించింది. అందులో 28వ అధికరణం పేద కుటుంబాలకు ప్రభుత్వం అందించాల్సిన సాయం గురించి చెబుతూ శిక్షణ, కౌన్సెలింగ్, ఆర్థిక సహాయంతో పాటు తెరిపి సంరక్షణను కూడా పేరుపెట్టి చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 24వ సెక్షన్ ఉంది. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అందులో ఉంది. అదే సెక్షన్ మొదట్లో ‘ఆర్థిక శక్తి, అభివృద్ధి పరిధి మేరకు’ అనే మాట కూడా ఉంది. ఆ ఒక్క మాటలోంచి ఎన్ని ప్రభుత్వాలైనా బయటికి నడిచి వెళ్లిపోవచ్చు.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం అది. తల్లిదండ్రుల పోరాటం దాని వెనక ఉంది. దాని లక్ష్యాలు చదివితే రెండు సందర్భాలు కళ్లకు కడతాయి. ఒకటి, కుటుంబం ‘సంక్షోభం’లో పడినప్పుడు అండగా నిలిచే సేవలు. రెండు, తల్లిదండ్రులు చనిపోయాక బిడ్డ సంరక్షణ. ఆ ట్రస్టు తెచ్చిన ‘సమర్థ్’ పథకం తెరిపి కోసమే పెట్టినా అనాథలకు, కష్టాల్లో ఉన్న కుటుంబాలకు, నిరుపేదలకు ఆశ్రయమివ్వడం దాని ప్రధాన ఉద్దేశం. వాళ్లకు అది కావాల్సిందే, అందులో సందేహం లేదు.

నా ప్రశ్న వేరు. సంక్షోభానికీ చావుకూ మధ్య వచ్చే మామూలు మంగళవారం సంగతి ఏమిటి? ఎవరికీ ఏమీ కాని రోజు. మార్కెట్‌కు వెళ్లాలి, పంటి నొప్పికి డాక్టరును కలవాలి, రెండో బిడ్డ బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లాలి. ఆ మంగళవారాలు వరుసగా వెయ్యి పేరుకుంటేనే సంక్షోభం పుడుతుంది. చివరి రోజున చేయి అందించడానికి సిద్ధంగా ఉన్నామనే వ్యవస్థ, మొదటి రోజున రెండు గంటలు ఇవ్వడానికి మాత్రం సిద్ధంగా లేదు.

పింఛను విషయంలో ఈ రాష్ట్రాన్ని నేను తప్పుపట్టను. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మా చిన్నాకు అదే వస్తుంది. డైపర్లకు, మందులకు, జావ పిండికి అది ఎంత ఆసరానో మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ అంతకు పదింతలు చేతిలో పెట్టినా అనంతపురంలో చిన్నాకు అన్నం తినిపించడం తెలిసిన మనిషి దొరకదు. అలాంటి మనుషులను తయారు చేసే పని ఎవరూ మొదలుపెట్టలేదు కాబట్టి.

“మన కుటుంబాలు ఉన్నాయి కదా”

ఈ మాట చాలామంది అంటారు. విదేశాల్లో కుటుంబాలు చిన్నవి, అందుకే వాళ్లకు ఇలాంటి ఏర్పాట్లు, మనకు అక్కలు, పిన్నులు, అవ్వలు ఉన్నారు అని. మా చిన్నాన్న కూతురి పెళ్లి కదిరిలో జరిగింది. “నువ్వు రా, చిన్నాను మేమంతా తలా కాసేపు చూసుకుంటాం” అని ఇల్లిల్లూ ఫోను చేసి చెప్పారు. మనస్ఫూర్తిగానే చెప్పారు. అక్క వెళ్లింది. తలంబ్రాల వేళకు విడిది గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, కొడుకు గుడ్డలు మారుస్తూ ఒక్కతే ఉంది. ఒక్కొక్కరూ తలుపు దగ్గరికి వచ్చి, “పాపం, భోంచేశావా?” అని అడిగి వెళ్లారు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. వాళ్లకు భయం. ఎత్తితే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు, తినిపిస్తే పొలమారుతుందేమోనని భయం. ప్రేమ ఉంది, పని రాదు. వచ్చిన పని కూడా నెలకోసారైనా చేస్తుంటేనే చేతికి నిలుస్తుంది.

పైగా ఆ ‘కుటుంబం’ అనే మాటకు అసలు అర్థం ఏమిటో మనందరికీ తెలుసు. కుటుంబం చూసుకుంటుందంటే ఆ ఇంటి ఆడమనిషి చూసుకుంటుందని. ఇంత రాస్తున్న నేను కూడా పదిహేడేళ్లు డబ్బు పంపినవాణ్ణే.

రెండో అభ్యంతరం గట్టిది. దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. బయటివాళ్లకు బిడ్డను అప్పగిస్తే ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? మాటలు రాని పిల్లవాడు. కొట్టినా చెప్పలేడు, ఆకలితో ఉంచినా చెప్పలేడు. ఆడపిల్ల అయితే తల్లి గుండెల్లో ఎంత భయమో చెప్పనక్కరలేదు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు కదల్లేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ చేర్చినవాళ్లలో ఎక్కువమంది సొంత ఇంటివాళ్లే. వాళ్లందరూ రాతిగుండె మనుషులని నేను అనుకోను. చాలామంది ఏ తెరిపీ లేక, చేతకాని స్థితికి వచ్చాక, దొరికిన మొదటి తలుపు తట్టి ఉంటారు. ఎర్వాడిని తెరిపికి వ్యతిరేకంగా చూపించేవాళ్లకు నేను చెప్పేది అదే. చిన్న చేయూతలు లేని చోటే పెద్ద గేట్లు, గొలుసులు పుట్టుకొస్తాయి.

కానీ భయం భయమే. నమ్మకం జీవోతో రాదు. మా జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) దివ్యాంగ పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు పెట్టినప్పుడు ఊళ్ల నుంచి తల్లులు పిల్లలను తెచ్చి వదిలారు. ఆ సంస్థ మనుషులు అంతకు ముందే ఏళ్ల తరబడి ఆ గడపలు తొక్కినవాళ్లు, బావులు తవ్వినవాళ్లు, ఇళ్లు కట్టినవాళ్లు. తెలిసిన ముఖం ముందు, అప్పగింత తర్వాత. రాయలసీమ పల్లెల్లో ఏ తల్లిని అడిగినా ఈ వరుసే చెబుతుంది.

బస్టాండులో రెండు గంటలు

ఆ ఆపరేషన్ తర్వాత నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం మొదటి బస్సుకు అనంతపురం వెళ్తాను. సాయంత్రం దాకా చిన్నా నా దగ్గరే. అక్క బయటికి వెళ్లాలి, ఇంట్లో ఉండకూడదు. ఉంటే ప్రతి చెంచాకూ వచ్చి చూస్తుంది.

మొదటి ఆదివారం వెళ్లనే లేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుని, విప్పి, లోపలికి వచ్చింది. రెండో నెల బలవంతాన పంపాను. మూడు గంటల్లో వచ్చేసింది. ఎక్కడికి వెళ్లావంటే మార్కెట్‌కు అంది, చేతిలో ఏమీ లేదు. చాలా రోజుల తర్వాత చెప్పింది. ఆర్టీసీ బస్టాండులో బెంచీ మీద కూర్చుందట. “ఎక్కడికి పోవాలో తెలియలేదురా. రెండు గంటలు వచ్చే బస్సులు, పోయే బస్సులు చూస్తా కూర్చున్నా.”

అప్పుడు నాకు ఒక విషయం అర్థమైంది. తల్లులు మాకు విశ్రాంతి వద్దంటారు. సర్వేకు వచ్చినవాళ్లు అడిగినా, ‘నా బిడ్డ నాకు భారం కాదు’ అంటారు. ఆ మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని గిరాకీ లేదని రాసుకుంటే పొరపాటు. పదిహేడేళ్లు వాడని కాలికి నడక ఒక్కరోజులో రాదు. బస్టాండు బెంచీ వృథా కాలేదు. నాలుగో నెలలో ధర్మవరంలో చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. అన్నం తిని వాళ్ల వెనక గదిలో మూడు గంటలు నిద్రపోయిందట. వచ్చి చెబుతున్నప్పుడు ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్లు గొంతు తగ్గించింది.

నేను అడిగేది

కేరళలో పంచాయతీలు, మున్సిపాలిటీలు కుటుంబశ్రీ మహిళా సంఘాలతో కలిసి ‘బడ్స్’ కేంద్రాలు నడుపుతున్నాయి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బడి, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు పగటి కేంద్రం. మంచానికి అంటుకుపోయినవారిని చూసుకునే ఇంటి మనిషికి ‘ఆశ్వాసకిరణం’ కింద నెలకు 600 రూపాయలు ఇచ్చే పథకమూ అక్కడ ఉంది. మొత్తం చిన్నదే. కానీ చూసుకునే మనిషి అంటూ ఒకరు ఉన్నారని ప్రభుత్వం తన పుస్తకంలో రాసుకుంది. ఆస్ట్రేలియాలో 2013లో తెచ్చిన వికలాంగుల బీమా పథకం కింద ఏడాదికి 28 రోజుల వరకు ఇలాంటి స్వల్పకాల సంరక్షణకు డబ్బు ఇస్తారు. అంత సంపన్న దేశంతో పోటీ పెట్టుకోమని నేను అనడం లేదు.

మనకు దివ్యాంగ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. మా బడి ఆవరణలోనే ఒకటి ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయురాలు, ఆయా, వారంలో ఒక రోజు ఫిజియోథెరపీ. ఆ ఆయా ఆరుగురు పిల్లలకు తినిపించడం నేను రోజూ చూస్తాను. ఎవరికి ఏ వైపు దవడో ఆమెకు తెలుసు. ఆ జ్ఞానం రూళ్ల పుస్తకంలో ఉన్నదే. కానీ బడికి సెలవులంటే కేంద్రానికీ సెలవులే. ఏప్రిల్ చివర తాళం పడితే, ఈ ఎండల్లో, నెలన్నర ఆ పిల్లలు ఇళ్లలోనే. పద్దెనిమిదేళ్లు నిండితే ఆ తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. సరిగ్గా పిల్లవాడి బరువు పెరిగి, తల్లి నడుము బలం తగ్గే వయసులో.

కాబట్టి కొత్త భవనాలు అడగను. వేసవిలో ఆ తాళం తీయమంటాను. పద్దెనిమిది దాటినవాళ్లకు వారంలో రెండు పూటలైనా అక్కడ చోటివ్వమంటాను. మండలానికి నలుగురు మహిళలకు, వీలైతే ఇద్దరు మగవాళ్లకు కూడా, శిక్షణ ఇచ్చి గౌరవంగా జీతం ఇవ్వమంటాను. ఎవరింటికి వెళ్లినా మొదటి నెల తల్లి పక్కనే కూర్చుని ఆ ఇంటి రూళ్ల పుస్తకం నేర్చుకోవాలి. తర్వాత వారానికి రెండు గంటలు తల్లి లేకుండా. ఆ రెండు గంటలు ఆరు నెలలు నడిచాక, తల్లికి ఆపరేషన్ వస్తే అప్పుడు పది రాత్రులు. ఈ వరుస తిరగబడితే పని జరగదు. ముక్కూ ముఖం తెలియని ఆశ్రమంలో పది రాత్రులు అని మొదలుపెడితే మా అక్క మూడేళ్లు కాదు, ముప్పై ఏళ్లయినా ఆపరేషన్ వాయిదా వేస్తుంది.

దీనిలో తేలని చిక్కులు ఉన్నాయని తెలుసు. గౌరవ వేతనం పేరుతో పనిచేయించుకుని నెలల తరబడి ఇవ్వకపోతే ఆ మహిళలు నిలవరు. ఒక తల్లికి తెరిపి ఇవ్వడానికి ఇంకో తల్లి చాకిరీని చవగ్గా కొన్నట్లే అవుతుంది. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు, జీతం సరిగ్గా ఇవ్వడం తప్ప. చెప్పకుండా వచ్చి చూసే తనిఖీ ఉండాలి, అందులో తల్లిదండ్రులు ఉండాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఎలాగూ ఉంటుంది. సంరక్షకులను నియమించే పనితో పాటు దీన్నీ అది చూడవచ్చు.

వాడి వైపు నుంచి

ఈ వ్యాసం తొలి ప్రతిని చక్రాల కుర్చీలో తిరిగే ఒక మిత్రురాలికి చూపించాను. దివ్యాంగుల సంఘంలో పనిచేస్తుంది. చదివి, “అంతా మీ అక్క అలసట గురించే రాశావు. మీ మేనల్లుడు ఎక్కడ? వాడు మోయాల్సిన మూటలాగే ఉన్నాడు. మా నుంచి మీకు విశ్రాంతి కావాలని చదివితే మాకు ఎలా ఉంటుందో ఆలోచించావా?” అంది. నేను రెండు వారాలు ఈ ఫైలు తెరవలేదు. ఆమె మాటలో న్యాయం ఉంది. 2016 చట్టంలో ఐదో సెక్షన్ సమాజంలో బతికే హక్కు గురించి చెబుతూ, అందుకు కావాల్సిన వ్యక్తిగత సహాయం దివ్యాంగుడికి అందాలంటుంది. అంటే వచ్చే మనిషి తల్లికి బదులుగా వచ్చే మనిషి కాదు, వాడి కోసం వచ్చే మనిషి. అలా చూస్తే నేను పైన రాసిన చాలా వాక్యాలు మార్చాలి. కొన్ని మార్చాను. కొన్ని మార్చడం చేతకాలేదు. అలసట కూడా నిజమే కాబట్టి.

కానీ చిన్నా గురించి ఇది చెప్పాలి. అక్క వాడికి పంతొమ్మిదేళ్లుగా కారం పెట్టలేదు. పొలమారుతుందని భయం. ఒక ఆదివారం నేను తింటున్న సంగటి వైపు వాడు చూసి కింది పెదవి లోపలికి మడిచాడు. అప్పుడే జావ తాగాడు, ఆకలి కాదు. చెనిక్కాయల పచ్చడి వేలి కొసకు అంటించి పెదవికి రాశాను. వాడి ముఖమంతా ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను హడలిపోయాను. వాడు మళ్లీ పెదవి మడిచాడు.

ఇంకో నెల చక్రాల కుర్చీలో రైలు పట్టాల పక్క రోడ్డు మీదికి తీసుకెళ్లాను. గుంతకల్లు వైపు నుంచి గూడ్సు బండి వచ్చింది. చప్పుడుకు ఫిట్స్ వస్తుందేమోనని కుర్చీ వెనక్కి తిప్పబోయాను. వాడు మెడ తిప్పలేడు, కళ్లు మాత్రం తిప్పి ఒక్కో పెట్టెనూ పట్టుకుంటున్నాడు. ఎడమ చేయి బిగుసుకోలేదు, ఒళ్లో వదులుగా పడి ఉంది. బండి వెళ్లిపోయాక గట్టిగా అరిచాడు. అది ఏడుపు కాదని నాకు తెలియడానికి కాసేపు పట్టింది.

సాయంత్రం అక్కకు చెబితే నమ్మలేదు. “వాడికి చప్పుళ్లంటే భయంరా” అంది. తల్లికి తెలియని విషయం ఒకటి వాడి దగ్గర ఉందని ఆమెకు అదే మొదటిసారి. తర్వాతి ఆదివారం తనే వచ్చి దూరంగా నిలబడి చూసింది. ఏమీ అనలేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు రూళ్ల పుస్తకం తీసి మందుల వేళలు సరిచూసుకుంటున్నాను. చివరి పేజీలో కొత్తగా రెండు పంక్తులు ఉన్నాయి, అవే గుండ్రటి అక్షరాలతో.

“సాయంత్రం ఐదున్నరకు రైలు దగ్గరికి. మెడ కింద పచ్చ దిండు పెట్టాలి.”